రెండు ఊళ్ళ నాన్న, ఒక లా సీటు

నేను లా చదువుతానన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డుపడింది మా నాన్న రేషన్ కార్డు.

మాది యానాం, చుట్టూ ఆంధ్రా ఉన్నా పుదుచ్చేరి కిందికొచ్చే ఊరు. నాన్నది గోదావరి బ్రిడ్జి అవతలి ఊరు, అంటే ఆంధ్రా. నేను పుట్టకముందే ఇటొచ్చి, ఇక్కడ అడవిపొలం అనే పేటలో రొయ్యల మేత కొట్టు పెట్టాడు. అమ్మ పేరూ నా పేరూ యానాం కార్డులో ఉన్నాయి. నాన్న పేరు మాత్రం అవతలి ఊళ్ళో, పెదనాన్న ఇంటి నంబరు మీద, ఒంటరిగా ఒక కార్డులో ఉంది. అంటే ఇరవై రెండేళ్ళుగా మా నాన్న మా పక్కన కూర్చునే భోంచేస్తూ, కాగితాల మీద మాత్రం వేరే రాష్ట్రంలో కాపురముంటున్నాడు.

ఆ ఊరికి ఎవరైనా ఎంక్వయిరీకి వస్తున్నారని పెదనాన్న ఫోన్ చేస్తే చాలు, నాన్న కొట్టు కట్టేసి, సంచిలో లుంగీ పెట్టుకుని, బండి మీద బ్రిడ్జి దాటి, పెదనాన్న ఇంటి అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చునేవాడు. చూసినవాళ్ళు ఈయన పుట్టిన దగ్గర్నుంచీ ఆ అరుగు దిగలేదనుకోవాలి. ఈ పనిలో ఎంత ఆరితేరాడంటే, ఎంక్వయిరీ అన్న మాట చెవిన పడగానే కాళ్ళు వాటంతటవే అటు నడిచేవి.

డిగ్రీ అయ్యాక మూడేళ్ళ లా కోర్సుకి పుదుచ్చేరిలో అప్లై చేశాను. మా డాబా ఎక్కితే ఆంధ్రా కొబ్బరిచెట్లు కనిపిస్తాయి, అయినా ఆ రాష్ట్రంలో నేను నాన్‌లోకల్. పుదుచ్చేరి వెళ్ళాలంటే నడుములు విరిగేంత ప్రయాణం, అక్కడేమో లోకల్. ఈ సంగతి మీద చిన్నప్పటినుంచీ ఉన్న ఒళ్ళుమంటే నన్ను లా వైపు తోసిందని నా అనుమానం. దరఖాస్తుకి అన్నీ సిద్ధంగా ఉన్నాయి, రెసిడెన్స్ సర్టిఫికెట్ ఒక్కటి తప్ప. తల్లీ తండ్రీ అయిదేళ్ళుగా యానాంలోనే ఉన్నారని రుజువు కావాలి. శుక్రవారం ఆఖరి తేదీ. అది లేకపోతే సీటు లేదు.

సోమవారం సాయంత్రం టీ తాగుతూ చెప్పాను. “నాన్నా, రేపు పొద్దున్న ఎంక్వయిరీకి వత్తారంట.”

“సరేలేవే” అన్నాడు. ఎక్కడికి వస్తారో చెప్పకపోవడం నా బుద్ధితక్కువ.

మర్నాడు తొమ్మిదింటికి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డట్టున్న ఒక ఆఫీసరు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చారు. కుర్చీ వేశాం. “మీ ఆయనేరమ్మా?” అని అమ్మని అడిగారు.

అమ్మకి అబద్ధం నోట పలకదు. “ఏదో ఎంక్వయిరీ ఉందని ఆళ్ళూరెళ్ళారండి.”

“ఆ ఎంక్వయిరీ నేనేనమ్మా.”

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. “ఆయ్. మరి కాఫీ తాగుతారాండి?”

ఆయన కాఫీ తాగారు. మావైపు ఇలాంటి నాన్నల్ని చాలామందినే చూసినట్టున్నారు, కోప్పడలేదు. ఆ ఊళ్ళో కార్డు రద్దు చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని నాన్ననే రమ్మన్నారు. ఆఫీసరు గుమ్మం దాటగానే నాన్నకి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే నాన్న విసుక్కున్నాడు. “పదిన్నరైపోయింది, ఇంకా ఎవడూ రాలేదేంటే?”

ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో వాదోపవాదాలు జరిగాయి. కార్డు తీసేయించుకోమన్నాను. కుదరదన్నాడు. రెండు చోట్ల ఉన్నట్టు చూపించడం నేరమన్నాను.

“సీటే రాలేదు, అప్పుడే నా మీద కేసెట్టేత్తున్నావా?”

“రెండు పడవల మీద కాళ్ళేత్తే ఏమవుద్దో ఇప్పటికైనా తెలిసిందా?” అని వంటింట్లోంచి అమ్మ తీర్పిచ్చింది.

“ఆ బియ్యం మనం తింటున్నామా ఏంటి నాన్నా? కోళ్ళకేగా వేత్తున్నాం” అన్నాను నేను.

నాన్న ఎగిరిపడతాడనుకున్నాను. పడలేదు. “బియ్యం కోసమని ఎవడన్నాడే? అది తీయించేత్తే ఆ ఊళ్ళో ఏ కాయితంలోనూ నా పేరుండదు. నేను పుట్టినూరు” అన్నాడు.

అంతవరకూ ఆ కార్డంటే నాన్న కక్కుర్తి అనే అనుకున్నాను. జాలేసింది. కానీ సీటూ కావాలి. ఆ రెండిట్లో సీటే ఎక్కువ కావాలనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే. తల వంచుకుని కూర్చున్నాను తప్ప, పోనీలే నాన్నా అని మాత్రం అనలేదు.

బుధవారం నాన్న మళ్ళీ బ్రిడ్జి దాటాడు. సాయంత్రానికి రద్దు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, “వ్రతం చెడ్డా ఫలం దక్కాలి, చూసుకో మరి” అన్నాడు. గురువారం సర్టిఫికెట్ వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం నెట్ సెంటర్‌లో అది అప్‌లోడ్ అయ్యేదాకా నాన్న నా కుర్చీ వెనకే నిలబడి, తెర మీద గుండ్రంగా తిరిగే బొమ్మని కోపంగా చూశాడు.

కొన్ని వారాలకి జాబితాలో నా పేరొచ్చింది. అమ్మ వీధంతా వినబడేలా అరిచింది. నాన్న, మేత కొట్టుకి వచ్చిన రొయ్యల రైతులందరికీ, వాళ్ళడక్కపోయినా, ఇకమీదట తగాదాలుంటే మా ఇంటికి రమ్మని చెప్పాడు.

చేరడానికి పుదుచ్చేరికి నాన్నే తీసుకెళ్ళాడు. అక్కడ అడ్మిషన్ ఫారం ఇచ్చారు. నాన్న దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, అందుకని మా ఇంట్లో ఫారాలన్నీ ఆయనే నింపుతాడు. ప్రస్తుత చిరునామా దగ్గర మా యానాం ఇల్లు చకచకా రాసేశాడు. దాని కింద శాశ్వత చిరునామా అని ఇంకో గడి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ గడిలో ఆయన రాసింది ఒకటే ఊరు. పెన్ను ఆగిపోయింది.

“ఇక్కడేం రాయమంటావే?” అని అడిగాడు.

“పైదే అని రాసెయ్ నాన్నా, సరిపోద్ది” అన్నాను.

అలా రాయలేదు. ఇంటి నంబరు దగ్గర్నుంచి యానాం దాకా, ఒక్కో అక్షరం దిద్దినట్టు, మొత్తం మళ్ళీ రాశాడు. నాకు ఏడుపొచ్చింది. మా వెనక క్యూలో ఉన్నాయన త్వరగా కానివ్వమని తమిళంలో విసుక్కున్నాడు.