నేను మార్చి చెప్పిన ముగింపు

కరోనా నాటి నుంచి ఒక అబద్ధాన్ని మోస్తూ వచ్చాను. చిన్న అబద్ధమే. ఒక సినిమా ఎలా ముగిసిందో మా అక్కకు తప్పు చెప్పాను. ఇంతేనా అని మీరు నవ్వవచ్చు. నేనూ చాలాసార్లు అలాగే నవ్వి వదిలేయాలని చూశాను. నవ్వు రాలేదు.

మాది సూరత్‌లో తెలుగువాళ్ల మగ్గాల బస్తీ. నాన్న పవర్‌లూమ్ కార్మికుడు. అమ్మ, అక్క, నేను ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేవాళ్లం. లాక్‌డౌన్ వచ్చి మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగినదాన్ని, అది లేకపోయేసరికి నా చెవులకే ఏదో జబ్బు చేసినట్టుండేది. గల్లీలో వాళ్లంతా ఒక్కొక్కరే తెలంగాణకు వెళ్లిపోతున్నారు. పక్కింటివాళ్లు వెళ్లారు. నా స్నేహితురాలు వెళ్లింది. మాకు సొంతూళ్లో ఏమీ మిగల్లేదు కాబట్టి మేము ఉండిపోయాం.

అక్క పేరు రజిత. ఆమె కేతన్ అనే గుజరాతీ అబ్బాయిని ప్రేమించిందని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. వాళ్ల ఇల్లు సూరత్‌లోనే, అడాజన్‌లో. మేము లేసు తెచ్చుకునే దుకాణం వాళ్ల మామది, కేతన్ అక్కడే కూర్చునేవాడు. ఇంట్లో మాత్రం అక్కకు దగ్గర్లోని బార్డోలీ ఊరి సంబంధం మాట్లాడుతున్నారు. చక్కెర మిల్లులో పనిచేసే తెలుగు అబ్బాయి.

ఆ రోజుల్లో కేతన్ అక్క ఫోన్‌కు ఒక సినిమా పంపాడు. హిందీలోకి డబ్ చేసిన పరాయి దేశపు సినిమా. అందులో ఒక నగరం, ఆ నగరంలో ఒక యంత్రం. ఎవరికి ఎవరు జోడీయో అది ముందే చెప్పేస్తుంది. దాని మాట తప్పడం ఎవరూ చూడలేదు. ప్రేమించుకున్న ఇద్దరికి అది వేరే పేర్లు చూపిస్తుంది. సినిమాతో పాటు కేతన్ ఒక మాట కూడా పంపాడు. తాను అడగాలనుకున్నది చివర్లో ఉందని, పూర్తిగా చూశాకే జవాబు ఇమ్మని.

డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఇద్దరం చూశాం. చివరికి వస్తుండగా అక్క ఫోన్ నా చేతిలో పెట్టి లేచింది.

"నాకు చూడ చేతనైతలేదు. నువ్వు చూసి చెప్పవే," అని పిట్టగోడ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడింది.

నేను చూశాను. ఆ అమ్మాయి యంత్రం చూపినవాణ్ని కాదని, తనకు కావాల్సినవాడి చెయ్యి పట్టుకుని నగరం దాటి వెళ్లిపోతుంది. ముందు ఏముందో ఇద్దరికీ తెలియదు. తెలియకపోయినా నవ్వుతూ నడుస్తారు.

"ఏమైందే?" అక్క అటు తిరిగే అడిగింది.

"విడిపోయిండ్రక్కా."

"నిజంగనా?"

"ఆ. మిషిన్ చెప్పిందే అయింది. ఆమెనే వద్దనుకొని ఎల్లిపోయింది."

"మరి గాయన ఆపలేదా?"

"లేదు. ఊకె నిలబడి చూసిండు."

అక్క మెల్లగా, "అంటే కేతన్ గిదే చెప్పాలనుకున్నడన్నట్టు," అంది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆ మాట వినగానే నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. అందరూ వెళ్లిపోతున్న ఆ గల్లీలో అక్క మాత్రం నాతో ఉంటుందన్న సంతోషం. ఇంతకాలం నేను దాచుకున్నది అబద్ధాన్ని కాదేమో, ఆ సంతోషాన్నేమో. ఫోన్‌లో జాగా లేదని సాకు చెప్పి సినిమా తీసేశాను. కేతన్ ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. కొన్నాళ్లకు అతనూ మానేశాడు. కిమ్ అనే ఊళ్లో ఏదో ఫ్యాక్టరీలో చేరాడని తర్వాత ఎవరో అన్నారు.

మరుసటి ఏడాది, మాస్కులు కట్టుకున్న గుప్పెడు మంది మధ్య అక్క పెళ్లి జరిగింది. నాతోనే ఉండాలని నేను కోరుకున్న అక్క ఎలాగూ బార్డోలీ వెళ్లిపోయింది. బావ మంచివాడు. నా తిప్పలంతా అందులోనే ఉంది. చెడ్డవాడైతే ఎప్పుడో ఏడ్చి చెప్పేసేదాన్ని. మంచివాడు కాబట్టి, అక్క రాత అలా ఉంది, దాని ప్రకారమే జరిగింది అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. రాతే అయితే నేను అబద్ధం ఆడాల్సిన అవసరం ఎందుకొచ్చింది? నిజం చెప్పినా అక్క ఆగిపోయేదేమో. వెళ్లేదేమో. నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. తెలుసుకునే అవకాశాన్నే నేను తీసేశాను. సినిమా చూస్తున్నంతసేపూ ఆ యంత్రాన్ని తిట్టుకున్నదాన్ని, చివరికి దాని పనే నేను చేశాను.

పోయిన వారం బస్సెక్కి బార్డోలీ వెళ్లాను. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. కూర్చున్నాక చెబుదామనుకున్నాను కానీ కూర్చుంటే మళ్లీ చెప్పలేనని భయం వేసింది. అక్కడే నిలబడి మొత్తం చెప్పేశాను. సినిమా నిజంగా ఎలా ముగిసిందో, నేనెందుకు మార్చానో, నా సంతోషంతో సహా. అక్క చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నన్ను తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. బకెట్‌లో మిగిలిన బట్టలన్నీ ఆరేసి లోపలికి వెళ్లింది. అన్నం పెట్టింది. నేను బయల్దేరుతుంటే ఎప్పటిలా బస్టాండు దాకా రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఆకలేసింది. పల్లీలు కొనుక్కుని, కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ తిన్నాను. ఊపిరి ఛాతీ అడుగు దాకా వెళ్లి వస్తోంది. ఇంత తేలిగ్గా ఉండే హక్కు నాకుందా? లేదేమో. అయినా తేలిగ్గానే ఉంది.

అక్క ఇంకా ఫోన్ చేయలేదు. చేస్తుందో, ఇక ఎప్పటికీ చేయదో. నా గురించి ఏమనుకోవాలో ఈసారి ఆమే తేల్చుకుంటుంది. అందులో నేను వేలు పెట్టను.