లాంతరు పేరెత్తుకుపోయిన గార్విన్

గార్విన్ ప్రుయిట్ గురించి ఒక మంచిమాట చెప్పమంటే, బూట్లు బాగా తుడుచుకుంటాడని చెబుతాను. రెండో మాట అడగొద్దు.

మా నెవాడా ఎడారిలో గాలి గట్టిది. నా టోపీ ఒకటి యూటా దాకా ఎగిరిపోయి అక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడింది. సిస్టర్లు కాన్వెంటులో ఎన్ని బెత్తాలు విరగ్గొట్టినా నా అబద్ధాలు ఇలాగే సాగుతున్నాయి. కానీ అవి ఎవరి నోటి దగ్గర కూడూ లాగేయలేదు.

గార్విన్, బెనాట్ ఇద్దరూ మా ఊరి పక్క స్థావరంలో యుద్ధవిమానాలు నడిపేవారు. బెనాట్‌ది స్పెయిన్ కొండల నుంచి వచ్చి ఇక్కడ గొర్రెలు మేపుకునే బాస్క్ కుటుంబం. ఒక ఉదయం ఎండిన సరస్సు మీద పక్కపక్కన ఎగురుతుండగా బెనాట్ రేడియోలో అరిచాడు. "గార్విన్, నీ కింద ఏదో పోతోంది చూడరా! రెక్కల్లేవు దానికి!"

గార్విన్ విమానాన్ని స్థావరం వైపు తిప్పాడు.

కిందికి దిగాక, ఏమైనా చూశారా అని కమాండరు ఇద్దర్నీ అడిగాడు. చూశానన్నవాణ్ని పిచ్చి డాక్టరు దగ్గరికి పంపడం, ఆపైన విమానం ఎక్కనివ్వకపోవడం ఆ రోజుల్లో ఆనవాయితీ. బెనాట్ చూశానన్నాడు. గార్విన్ బూట్లు దగ్గరగా పెట్టి, "ఆకాశం తప్ప ఇంకేం లేదు సార్" అన్నాడు.

పైలట్లు తమ మారుపేరు తాము పెట్టుకోరు. ఎవడైనా నవ్వులపాలైన రోజున మిగతావాళ్లు మందు ముందు కూర్చుని తగిలిస్తారు. ఆ సాయంత్రం, ఆకాశంలో లేని దీపాలు చూస్తాడని బెనాట్‌కి 'లాంతరు' అని తగిలించారు. అందరికంటే గట్టిగా నవ్వింది గార్విన్. నెల తిరక్కుండా బెనాట్ ఉద్యోగం పోయి, వాళ్ల నాన్న గొర్రెల దగ్గరికి చేరాడు.

ఉద్యోగం పోయినందుకు కాదు, కళ్ల మీద నమ్మకం పోయినందుకు కుమిలాడు. పక్కవాడికి కనబడనిది తనకెలా కనబడింది? కంచె మీద కాకి వాలితే భార్య మైటేని పిలిచి, "అక్కడ కాకి ఉందా?" అని అడిగేవాడు. ఇరవై ఏళ్లు అలా గడిచాయి.

ఈలోగా గాలి తిరిగింది. రాజధానిలో పెద్దమనుషులు పైలట్ల మాట వినడం మొదలెట్టారు. ఊరూరా ఎగిరే పళ్లేల జాతరలు పుట్టుకొచ్చాయి. మా ఊరి జాతరలో మైటే మాంసం కూర అమ్ముతోంది. బెనాట్, ఎనభై దాటిన నేను బల్ల దగ్గర కూర్చున్నాం. గ్రహాంతరవాసుల్లా ముఖానికి ఆకుపచ్చ రంగు పూసుకున్న జనం కేకలేస్తుంటే గార్విన్ వేదిక ఎక్కాడు. టోపీ మీద లాంతరు బొమ్మ.

"నా పేరు లాంతరు. నిజం చెప్పినందుకు పెట్టారు. పక్క విమానంలో వాడు, పాపం, భయపడి నోరు విప్పలేదు."

నేను లేవబోతే బెనాట్ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఉండు తాతా, విననీ."

"సబ్బుబిళ్లలా తెల్లగా ఉంది. పైన ఒక్కడే సూర్యుడు, కానీ సరస్సు మీద దానికి రెండు నీడలు!" అన్నాడు గార్విన్.

మైటే చేతిలో గరిటె ఆగిపోయింది. ఎలాగూ పిచ్చివాడంటున్నారని రెండు నీడల సంగతి బెనాట్ కమాండరుకి చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. చెప్పింది మైటేకొక్కదానికే.

బెనాట్ లేచాడు. "రెండో నీడ ఎటుపక్క గార్విన్?"

"ఎడమపక్క, కాస్త పొట్టిగా" అన్నాక, అడిగిందెవరో చూసి గార్విన్ నాలుక కరుచుకున్నాడు.

"చూశాడే మైటే! వాడూ చూశాడే!" బెనాట్ నవ్వుతున్నాడు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

"ఏమయ్యా, ఆ రోజు ఈ ముక్క చెప్పడానికి నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని మైటే గరిటెతో సహా వేదిక దాకా వెళ్లింది.

"చెబితే నన్నూ విమానం ఎక్కనివ్వరు కదమ్మా" అన్నాడు గార్విన్, చిన్నపిల్లకి కూడిక నేర్పుతున్నట్టు.

"పోనీలేవే. ఆ పేరు వాణ్నే ఉంచుకోనీ. నాకు కావలసింది దొరికింది" అంటూ బెనాట్ ఆమె భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిచాడు.

నేనైతే గరిటె అందుకునేవాణ్ని.

గార్విన్ టోపీ సర్దుకుని మైకు ముందుకు వంగాడు. "ఇంకా ఎవరికైనా ప్రశ్నలున్నాయా?"