మిస్ ఈడిత్ గురువారాలు

పోయిన వారం ఇక్కడ జార్జియాలో, మా కమ్మింగ్ ఊళ్ళో మా అమ్మాయిని స్విమ్మింగ్ క్లాస్‌లో దింపి వస్తుంటే, ఇంకా ఇళ్ళు కట్టని ఒక ఖాళీ స్థలంలో ఎవరో గడ్డి కోయించారు. అంతకుముందే చిన్న వాన పడింది. తడిసి ఎండకు వెచ్చబడిన ఆ గడ్డి వాసన కారంతా నిండిపోయింది. నేను కారు పక్కకు తీసి ఆపుకున్నాను. పదిహేడేళ్ళుగా ఈ వాసన తగిలితే ముందు గుర్తొచ్చేది మిస్ ఈడిత్ ముఖం. ఆ వెంటనే వచ్చేది సిగ్గు.

తెనాలి నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన నాకు సీటు దొరికింది నెబ్రాస్కా పడమటి అంచున ఒక చిన్న ఊళ్ళో. ఊరు దాటితే పచ్చిక కొండలు, ముళ్ళకంచెలు, నల్లటి ఆవుల మందలు, ఎంతో దూరానికి ఒక ఇల్లు. మాది క్రైస్తవ కుటుంబం. మొదటి ఆదివారం చర్చి వెతుక్కుంటూ వెళితే అక్కడ ఆర్గన్ వాయిస్తూ ఈడిత్ కనిపించారు. అప్పటికి ఆమెకు డెబ్భై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఊరి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి ముసలివాళ్ళు కూడా మిస్ ఈడిత్ అనే పిలిచేవారు. నెల తిరక్కుండానే నేను ఆమె ఇంట్లో మేడమీద గదిలో చేరాను. చూపు మందగించి ఆమె డ్రైవింగ్ మానేశారు, నాకేమో అసలు రాదు. తన పాత పికప్ ట్రక్కులో నా పక్కన కూర్చుని ఆమే నేర్పించారు.

"స్టీరింగ్‌ని అంత గట్టిగా పిసక్కు జ్యోత్స్నా. కోడిపెట్టను పట్టుకున్నట్టు పట్టుకో. అది పారిపోకూడదు, చావనూ కూడదు."

"ఎదురుగా ఆవు ఉంది, మిస్ ఈడిత్!"

"దాని దారికి మనమే అడ్డం వచ్చాం. ఆగు."

డ్రైవింగ్ వచ్చాక ప్రతి గురువారం కంకర రోడ్డు మీద ఆమెను వాల్టర్ గారనే ఆయన పశువుల రాంచ్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఆయన భార్య లొరెయిన్ పక్షవాతంతో మంచాన పడి ఉంది. ఈడిత్ ఆమెకు స్నానం చేయించి, తల దువ్వి, బైబిల్ చదివి, కీర్తనలు పాడేవారు. ఆ కాసేపట్లో వాల్టర్ గారు పశువుల పనులు చూసుకొచ్చేవారు. నేను వరండాలో కూర్చుని చదువుకునేదాన్ని.

ఒకసారి రాంచ్ గేటు తీయడానికి దిగిన ఆమె, మళ్ళీ ఎక్కి కూర్చుని మామూలుగా అన్నారు: "ఈ గేటు దగ్గరే వాల్టర్‌కి ఉంగరం తిరిగిచ్చేశాను."

నేను బ్రేకు తొక్కాను. ఆమె నవ్వి, పోనివ్వమని చెయ్యి ఊపారు.

ఇరవై ఏళ్ళ వయసులో ఇద్దరికీ పెళ్ళి మాట అయిపోయింది. ఆ వేసవిలోనే గడ్డి కోతల్లో యంత్రం కింద పడి వాల్టర్ తమ్ముడు చనిపోయాడు. వాల్టర్ చర్చికి రావడం మానేశాడు. నమ్మని దేవుడి ముందు నిలబడి ప్రమాణం చేయలేనని నిజాయితీగా చెప్పాడు. ఈడిత్ తండ్రి సంఘపెద్ద. అలాంటివాడికి పిల్లనివ్వనన్నాడు. ఆమె తండ్రి మాట విన్నారు. కానీ వాల్టర్ మనసు మళ్ళీ దేవుడి వైపు తిరగాలని రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక ఆదివారం అతను చర్చిలో అడుగుపెట్టాడు. కొత్త పెళ్ళికూతురు లొరెయిన్ చెయ్యి పట్టుకుని, ఆమె తీసుకొస్తే వచ్చాడు.

"అప్పుడు మీరేం చేశారు?"

"ఆర్గన్ ముందు కూర్చున్నాను కదా, వాయించాను. నేను అడిగింది దేవుడు ఇచ్చాడు జ్యోత్స్నా. ఎవరి చేత ఇప్పించాలో చెప్పడానికి నేనెవర్ని?"

ఇంత నమ్మి ఆమె నాకు చెప్పిన కథను నేనేం చేశానో ఇప్పుడు రాయాలి.

జూలైలో ఒక గురువారం ఉన్నట్టుండి వడగళ్ళు మొదలయ్యాయి. వరండా ముందు కోసి పరిచిన గడ్డి తడిసి వాసన వేస్తోంది. పుస్తకాలు గుండెకు హత్తుకుని తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాను. వంటింట్లో వాల్టర్ గారు ఈడిత్ భుజం మీద తల ఆనించి ఉన్నారు. ఆమె చెయ్యి ఆయన నెరిసిన జుట్టు మీద ఉంది. నన్ను చూసి ఇద్దరూ ఉలిక్కిపడలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని కుర్చీ చూపించారు. ఇంటికి వచ్చేటప్పుడు ఈడిత్ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ఆడవాళ్ళంతా గుండ్రంగా నిలబడ్డారు. రెండేళ్ళు కావస్తున్నా నాతో "హాయ్, హనీ" తప్ప మాట్లాడనివాళ్ళు. వాళ్ళకు పెద్దదిక్కు క్యారల్. ఆ రోజు ఎందుకో నా వైపు తిరిగి, "రాంచ్‌లో అంతా ఎలా ఉన్నారు?" అని అడిగింది. వాళ్ళందరూ వినదగ్గ సంగతి మొదటిసారి నా దగ్గర ఉంది.

"మిస్ ఈడిత్, వాల్టర్ గారు వంటింట్లో ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు," అన్నాను. వాళ్ళ మొహాలు చూసి, "పక్కగదిలో ఆయన భార్య ఉండగానే," అని కలిపాను. ఆ చివరి మాట నన్నెవరూ అడగలేదు. క్యారల్ నాకు తన పక్కన చోటు చేసి ఇచ్చింది.

వారంలోపే ఆ మాట విని పాస్టర్ గారు ఇంటికి వచ్చారు. మెట్ల మీద నిలబడి విన్నాను. ఈడిత్ ఒక్క సంజాయిషీ కూడా చెప్పలేదు. ఆర్గన్ వాయించడం మానేశారు, గురువారాలు రాంచ్‌కి వెళ్ళడమూ మానేశారు. "ఈ మాట లొరెయిన్ చెవిన పడకూడదు. నేను కనబడకపోతే అదే ఆగిపోతుంది," అని మాత్రం అన్నారు. ఆమె ఎదురుగా కూర్చుని భోంచేస్తూ నేను నోరు విప్పలేదు.

సెప్టెంబరులో లొరెయిన్ చనిపోయింది. సమాధి దగ్గర వాల్టర్ గారు టోపీ చేతిలో పట్టుకుని ఈడిత్ దగ్గరకు వచ్చారు. "ఇక ఎక్కువ రోజులు బతకదని డాక్టర్ చెప్పిన రోజు నువ్వున్నావు, తట్టుకున్నాను. తర్వాత ప్రతి గురువారం లొరెయిన్ తలుపు వైపే చూసేది ఈడీ. నేనేం చెప్పను?"

ఆ వడగళ్ళ రోజు ఆయన ఎందుకు ఏడ్చారో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున వంటింట్లో ఆమె ఆపిల్స్ తరుగుతుంటే, ఆ మాట అన్నది నేనేనని చెప్పేశాను. ఆమె కత్తి కింద పెట్టలేదు.

"తెలుసు. ఆ రోజు లోపలికి వచ్చింది నువ్వొక్కదానివే."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను." తరిగిన ముక్కలు గిన్నెలో వేసి మళ్ళీ అన్నారు: "నేను క్షమించాను. కానీ నాకొక్కదానికి చెబితే సరిపోదు. ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు. ఆదివారం నేను నీ పక్కనే నిలబడతాను."

సరేనన్నాను. చదువు అయిపోయి, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో నాకు అప్పటికే ఉద్యోగం వచ్చింది. శనివారం ఉదయమే బస్సెక్కాను.

"రేపొక్కరోజు ఉండలేవా?" అన్నారు, దారిలో తినడానికి శాండ్‌విచ్‌ల పొట్లం నా చేతికిస్తూ.

"జాయినింగ్ డేట్ ఉంది, మిస్ ఈడిత్. వీసాతో లింక్ అయి ఉంటుంది, మీకు తెలీదు," అన్నాను. జాయిన్ కావడానికి ఇంకా మూడు వారాలుంది.

రెండేళ్ళకు ఫోన్ చేశారు. గొంతులో ఇరవై ఏళ్ళ పిల్ల. "వాల్టర్ మళ్ళీ అడిగాడు. ఈసారి అవునన్నాను. నువ్వు వచ్చి నా పక్కన నిలబడాలి." వీసా పేపర్లు ప్రాసెస్‌లో ఉన్నాయి, ట్రావెల్ చేయలేనన్నాను. న్యూజెర్సీ నుంచి నెబ్రాస్కా వెళ్ళడానికి వీసాతో పనిలేదని ఆమెకు తెలియదా? "సరేనమ్మా," అన్నారు.

ఆ రాంచ్‌లో ఇద్దరూ ఆరేళ్ళు కలిసి ఉన్నారు. ఆమె పోయారని వాల్టర్ గారు రెండు వాక్యాల కార్డు రాశారు. ఆ కార్డు ముందు పెట్టుకుని క్యారల్‌కి ఫోన్ చేసి నా తప్పంతా చెప్పాను.

"నువ్వు ఒక్కసారే అన్నావు. నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను," అంది క్యారల్. "లొరెయిన్ పోయిన మరుసటి ఆదివారం ఈడిత్ కాఫీ దగ్గరకు వచ్చి ఒక్కతే నిలబడింది. నీ పక్కన నిలబడతానన్న మాట కోసమని మాకెవరికీ తెలీదు. నేనే వెళ్ళి తప్పయిందన్నాను. పెళ్ళిరోజున గౌనుకు పూలు గుచ్చడానికి నన్నే పిలిచింది. పిన్ను నాలుగుసార్లు తప్పితే, 'తొందరేం లేదు' అంది."

నేను ఆ ఊళ్ళో అందరికన్నా చులకనగా చూసిన మనిషి క్యారల్. నేను నిలబడాల్సిన చోట ఆమె నిలబడింది, కాఫీ దగ్గరా పెళ్ళిలోనూ, రెండుసార్లూ.

ఇప్పుడు మా తెలుగు ఫెలోషిప్‌లో భోజనాల దగ్గర ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "జ్యోత్స్నా, వాళ్ళింటి విషయం విన్నావా, షాకింగ్ అసలు!" అని మొదలుపెడతారు. నేను ప్లేటు కింద పెట్టి, అందరికీ వినబడేలా ఈ కథ చెబుతాను. కొందరు మొహం తిప్పుకుంటారు. "ఆంటీ, ప్లీజ్, మళ్ళీనా?" అని పిల్లలు నవ్వుతారు. ఆపను. బస్సెక్కిన శనివారాన్ని మాత్రం ఎప్పుడూ వదిలిపెట్టను.