మామా ముఖానికి మొత్తం పాట

ఒక ఆడమనిషి ముఖాన్ని పాట పెట్టి బిగదీసిన ఘనత ఈ భూమ్మీద నాకు తప్ప ఇంకెవరికీ దక్కి ఉండదు. అదీ మామూలు ముఖం కాదు, నాకు జీతమిచ్చే ముఖం. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, ముందుముందు నాతో పాటు మీకూ చెమటలు పడతాయి.

అప్పుడు నేను కువైట్‌లో, జాబ్రియా అనే పేటలో, ఒక కువైటీల ఇంట్లో పనిచేస్తున్నాను. ఇంటావిడను అక్కడి పద్ధతిలో మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. ఆమె మనసు వెన్న, నోరు మాత్రం రేడియో. ఆవలింత వచ్చినా మాట ఆపకుండానే ఆవలించేది. ఆమె కూతురు నూరాకు ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడి తల్లి ఆ సాయంత్రం ఇంటికి వస్తోంది.

"చెంగమ్మా, ఈ సంబంధం కుదిరితే నీకు సెలవు. టికెట్ నాది" అంది మామా.

నేను మా ఊరు రాజంపేట ముఖం చూసి ఏళ్లయింది. ఆ మాట విన్నాక నూరా పెళ్లి కోసం నూరా కంటే నేనే ఎక్కువ మొక్కుకున్నాను.

మామా చెల్లెలు జపాన్ వెళ్లి ఒక సీసా తెచ్చింది. అందులో అద్దంలా తేటగా కనబడే జిగురు ఉంది. ముఖానికి పూసి, ఆరగానే పొరలా లాగేస్తే చర్మం మెరుస్తుందట. సీసా మీద ఉన్నదంతా జపాన్ రాత. అందుకని ఆమె ఆ జిగురు టీవీ ప్రకటనను కూడా మామా ఫోనుకు పంపింది. ప్రకటనలో ఒక అమ్మాయి జిగురు పూసుకుంటుంది, వెనక తీయగా పాట వస్తుంది, పాట ఆగగానే పొర లాగేసి నవ్వుతుంది. ఆ పాట అక్కడ ఊరూవాడా పాడుకునేదేనట, ప్రకటనలో వచ్చేది అందులో పల్లవి ముక్క మాత్రమే. "పాట మొదలవగానే పూయండి, పాట అయిపోగానే లాగేయండి" అని చెల్లెలి సలహా. వారం రోజులుగా మామా దాన్ని వింటూనే ఉంది. గిన్నెలు తోముతూ నేనూ ఆ రాగం తీసేదాన్ని.

ఆ సాయంత్రం మామా సోఫాలో పడుకుని కళ్లు మూసుకుంది. "యల్లా, త్వరగా పాట పెట్టు!" అంది. చూస్తే ఆమె ఫోనులో చార్జింగ్ లేదు. నేను వంటింటి గుమ్మానికి పరుగెత్తాను. డ్రైవరు సత్తిబాబు అక్కడ టీ తాగుతున్నాడు. అతనిది అమలాపురం దగ్గర.

"యో సత్తిబాబూ, ఆ జపాన్ పాట నీ ఫోన్లో యాడన్నా దొరుకుతాదేమో సూడబ్బా!"

"ఆయ్, దొరక్కేమండీ అక్కగారూ! మీరో కూనిరాగం తియ్యండి, ఫోనే పట్టేత్తది."

తీశాను. పట్టేసింది.

"ముక్క కాదండోయ్, మొత్తం పాటండి! పెద్ద స్టేజీ మీద ఆవిడే పాడతందండి!"

నా బుర్ర పనిచేయాల్సింది సరిగ్గా ఇక్కడ. కానీ మీరే చెప్పండి, పల్లవి విని లేచిపోవడానికి మనమేమన్నా పాటలు తెలియనివాళ్లమా? రెండో చరణం వినకపోతే మనకు అన్నం సహించదు. పాట అయ్యేదాకా అన్నారు, అయ్యేదాకా ఉంచుదాం అనుకున్నాను. సెలవు గుర్తొచ్చి జిగురు ధారాళంగా పూశాను. పాట ఇంకా సాగుతుంటే రెండో పూత వేశాను. చేతులు ఖాళీగా ఉన్నాయని మూడోదీ వేశాను.

"అయిపాయనా?"

"లేదక్కా, ఇప్పుడు వయొలిన్లు దిగేయండి."

"ఇంగానా?"

"ఆవిడ ఏడుత్తందండి పాపం. జనం చప్పట్లు కొడతన్నారు. అదిగో, మళ్లీ మొదట్నించీ ఎత్తుకుందండి!"

"ఇది పాటనా, పారాయణమా? కానీలే, బాగుండాది."

సోఫాలోంచి "ఊఁ... ఊఁఊఁ" అని వినిపించింది. మామా కూడా రాగం కలుపుతోందని మురిసిపోయి, చేత్తో తాళం వేశాను.

పాట ముగిసింది. అదే క్షణంలో వీధి గంట మోగింది. పిల్లవాడి తల్లి చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. పొర అంచు పట్టి లాగాను. పొరతో పాటు మామా కూడా లేచింది. వేడినీళ్లు కొట్టినా పొర కదల్లేదు. ముఖం మాత్రం వార్నిష్ వేసిన తలుపులా ధగధగలాడుతోంది. పెదవులు విడిపోవడం లేదు. కళ్లు మాత్రం తిరుగుతున్నాయి, అవి తిరుగుతున్నది నా వైపే.

ఇంతలో నూరా తలుపు తీసేసింది.

మామా వెళ్లి కూర్చుంది. వచ్చినావిడ తన పెద్ద కోడలి గొడవ చెప్పింది. మామా ముఖంలో ఒక్క గీత కదల్లేదు. వంటల గురించి చెప్పింది. అదే గాంభీర్యం. చివరికి తన మోకాళ్ల నొప్పుల దగ్గరికి వచ్చేసరికి, చర్మం లాగి మామా కంట్లోంచి బొటబొటా నీళ్లు కారాయి. ఆవిడ లేచి మామాను కౌగిలించుకుంది. నేను గహ్వా అనే అరబ్బు కాఫీ కప్పులు పట్టుకుని తలుపు వెనక దేవుళ్లందరినీ పేరుపేరునా పిలుస్తున్నాను.

ఆవిడ వెళ్లాక ఆలివ్ నూనె సీసా మొత్తం ఖర్చు పెడితే పొర ఊడింది, దాంతో పాటు సగం కనుబొమ్మ. నోరు తెరుచుకోగానే సాయంత్రం నుంచి లోపల ఆగిన మాటలన్నీ నా మీద పడ్డాయి. "ఖలాస్! నీ సెలవు ఖలాస్!" అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది. వంటింట్లోకి వెళ్లి ఏడ్చేశాను.

అంతలో నూరా ఫోను మోగింది. పిల్లవాడి తల్లి. మామా విని, ఫోను పెట్టేసి, చాలాసేపు పలకలేదు. జిగురు లేకుండా ఆమె అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"ఒప్పుకున్నారు" అంది చివరికి. "నాకు నోరు ఎక్కువని ఎవరో చెప్పారట. అదంతా అబద్ధమట. ఇంత నిదానమైన మనిషిని, తన మోకాళ్ల నొప్పికి కన్నీళ్లు పెట్టిన మనిషిని చూడలేదట."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"టికెట్ తీస్తాను, వెళ్లిరా. నిశ్చితార్థానికి మాత్రం వచ్చేయాలి. ఆ రోజు వాళ్ల బంధువులంతా వస్తారు. ఆ పాట సరిపోదు, ఇంకా పొడుగుది వెతికించు."

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఒకరి ముఖం నా చేతికి వస్తే, ఆ పాట ఎంత బాగున్నా, పాడే ఆవిడ ఎంత ఏడ్చినా, పల్లవి దగ్గరే పాట గొంతు నొక్కేస్తాను. నిశ్చితార్థం రోజు ఒక్కటీ తప్ప.