వేయకూడని పాట

పరుపుల కార్ఖానాలో పాటలు వేసిన ఆవిడను ఇప్పటికీ అందరూ పాటలక్క అనే అంటారు. అరవైల చివర్లో వచ్చిన పాటల్లో ఏదడిగినా గుక్క తిప్పుకోకుండా పాడుతుంది. గిటారు మోగిన పాట, ఈల వేసిన పాట, జంట పడవెక్కి పాడుకున్న పాట, అన్నీ నోటికే. ఒక్క పాట మాత్రం ఎవరైనా పొరపాటున అందుకుంటే చటుక్కున లేచి గది దాటి పోతుంది.

కార్ఖానాలో ఆమెది షెడ్డుపైన ఉన్న అద్దాల గది. కింద దూది ఏకేవాళ్ళు, పరుపులు కుట్టేవాళ్ళు, స్తంభానికో స్పీకరు. పాట వినిపిస్తుంటే చేతులు చురుగ్గా కదులుతాయని యజమాని నమ్మకం. జీతం పెంచితే ఇంకా చురుగ్గా కదులుతాయని ఆయనకెవరూ చెప్పలేదు.

చేరిన రోజే మేనేజరు ఆమె చేతిలో ఒక రికార్డు పెట్టాడు.

"దూదితో పని. నిప్పంటుకుంటే గంట కొట్టామనుకో, జనం ఒకరినొకరు తొక్కుకుని చస్తారు. అందుకని ఈ పాట వెయ్యి. మేస్త్రీలు ఒక్కో వరుసనీ నెమ్మదిగా బయటికి తీసుకెళ్తారు. పాట ఆగితే గండం గడిచిందని మళ్ళీ లోపలికి తోలుకొస్తారు. ఇది మేస్త్రీలకీ నీకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. ఇంట్లో కూడా."

ఆడని సినిమాలోని పాట కాబట్టి ఎవరూ అడగరని ఆయన ధీమా. ఆ తెలివే బోల్తా కొట్టింది. సినిమా పోయినా రేడియో పుణ్యమా అని మరుసటి ఏడు వీధి వీధంతా ఆ పాటే.

"అయ్యా, పాట మార్చండి. రోజూ అడుగుతున్నారు," అంది వెళ్ళి.

"అడగనీ. తెలిసిన పాటైతే ఎవరూ బెదరరు కదా," అన్నాడు మేనేజరు తలెత్తకుండా.



అందరికన్నా ఎక్కువ అడిగేది ఆమె తమ్ముడే. అమ్మానాన్నా పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు, కింద దూది మూటలు మోస్తాడు.

"ఒక్కసారి వెయ్యవే అక్కా. నీ సొమ్మేం పోతుంది?"

"దానిమీద గీత పడిందిరా," అని నోటికొచ్చిన అబద్ధం చెప్పింది.

జీతాలందిన మర్నాడు వాడు కొత్త రికార్డు కొనుక్కొచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. "ఇప్పుడేమంటావు?" అన్నాడు, మొహం చేటంత చేసుకుని. ఏమంటుంది? చూద్దాంలేరా అంది. వాడికి చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే సాయంత్రానికి షెడ్డంతా తెలిసి, ఆ పాట కూడా గంటలాగే అయిపోతుంది. మింగేసింది. ఆ రోజు నుంచి పైనుంచి వాణ్ణి చూసినప్పుడల్లా ఆమె మనసు కీడు శంకించేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకరోజు దూది గది తలుపు సందులోంచి సన్నగా పొగ వచ్చింది. పెద్ద మేస్త్రీ పైకి చూసి చెయ్యెత్తాడు. ఆమె పాట వేసింది.

షెడ్డంతా చప్పట్లు. మేస్త్రీలు నవ్వుమొహాలు పెట్టుకుని, భుజాలు తట్టి, బయటి తలుపు దగ్గరి వరుసలను కదిలించారు. తమ్ముడు మాత్రం దూది గది పక్కన స్పీకరు కింద నిలబడి, అద్దాలకేసి చూస్తూ నవ్వుతున్నాడు. చుట్టూ ఇంకో నలుగురిని ఆపాడు. ఒక మేస్త్రీ చెయ్యి పట్టి లాగితే చరణం అయ్యాక వస్తానన్నట్టు విదిలించుకున్నాడు.

ఆమె రెండు చేతులా అద్దం బాదింది. తాళం వేస్తోందనుకుని వాడూ చప్పట్లు కొట్టాడు.

మైకు పక్కనే ఉంది. ఆ పాత పెట్టెలో మైకు కలిపితే పాట ఆగిపోతుంది. పాట ఆగితే బయటికి నడుస్తున్న వరుసలన్నీ లోపలికి తిరుగుతాయి. వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళున్నారు. ఆమె మైకు పట్టుకుంది, వదిలేసింది. పాటను అలాగే ఉంచి మెట్లమీద పరుగెత్తింది. కిందికి దిగేసరికి దూది గది తలుపు భగ్గుమంది. మేస్త్రీలు ఆమెను పట్టుకుని బయటికి ఈడ్చుకెళ్ళారు.

వరుసలన్నీ క్షేమంగా బయటపడ్డాయి. స్పీకరు కింద ఆగినవాళ్ళలో ఒక్కడే పాక్కుంటూ వచ్చాడు. ఒళ్ళంతా కాలి ఆస్పత్రిలో ఉన్న అతని దగ్గరికి ఆమె వెళ్ళింది.

"మేస్త్రీ రమ్మంటే మేమూ కదలబోయామక్కా," అన్నాడతను. "మీ తమ్ముడే ఆపాడు. ఇన్నాళ్ళకి మా అక్క నాకోసం వేసింది, సగంలో పోతే బాధపడుతుంది, ఆగండ్రా అన్నాడు."