గడియత్తయ్య

మా మేనత్తకు తెరిచిన కిటికీ కనబడితే చేతులు ఊరుకోవు. అది ఎవరిదైనా, లోపల ఎవరున్నా, వెళ్లి మూసి గడియ పెట్టి రావలసిందే. అందుకే వీధి వీధంతా ఆవిడను గడియత్తయ్య అనేది. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో అనుమానమే.

ఆవిడ బట్టలు కుట్టేది. రోజులో ఏ వేళప్పుడో హఠాత్తుగా, మిషను మీద సగం కుట్టిన చొక్కాను అలాగే వదిలేసి, మెడలో కొలతల టేపుతో వీధిన పడేది. తలుపు తట్టే అలవాటు లేదు. ఒకసారి మంగలి షాపులో జొరబడి ఉన్న ఒక్క కిటికీనీ మూసేసింది. సగం గడ్డంతో ఉన్న మనిషి కుర్చీలో బిగుసుకుపోయాడు.

“అత్తా, చీకట్లో చెవి తెగుతుంది!” అని మంగలి మొత్తుకున్నాడు.

“చెవి తెగితే కుట్టొచ్చు. ఊపిరితిత్తులకి కుట్లేసేవాడు ఎక్కడున్నాడు?”

ఆగి ఉన్న బస్సు కనబడినా అంతే. ఎక్కి, వరసగా కిటికీ అద్దాలు మూసుకుంటూ పోయేది. “టికెట్ తీసుకుంటావా, దిగుతావా?” అని కండక్టర్ గద్దిస్తే, “ఇంకో నాలుగున్నాయి, ఆగు బాబూ. నీ ఆరోగ్యం కోసమే” అనేది.

ఎదురింట్లో రిటైరైన లెక్కల మాస్టారుండేవారు. ఆయనకు గాలి కావాలి, ఈవిడకు గడియ కావాలి. ఒకరోజు ఆయన తెరవడం, ఈవిడ మూయడం పదకొండుసార్లు జరిగింది.

“నా ఇంట్లోకి గాలి రావడానికి నీ అనుమతి కావాలా?”

“ఒక్క గాలే వస్తే నేనెందుకు అడ్డుపడతాను మాస్టారూ? వెంట ఫ్యాక్టరీని కూడా తీసుకొస్తోంది కదా!”

ఆ ఫ్యాక్టరీ మా వీధి చివర ఉండేది. సిమెంటు చేసేవాళ్లు. దాని దుమ్ముకు మా వీధి నల్లపిల్లి బూడిదరంగులోకి మారి చాలాకాలమైంది. చినుకు పడితే చాలు, మా ఇంటి మెట్లు ఒక పూత మందమెక్కేవి. పిల్లల దగ్గులు విని మురిసిపోయేవాడు మందుల షాపతను ఒక్కడే. మాకందరికీ అలవాటైపోయింది. అత్తయ్యది మాత్రం చాదస్తమనుకున్నాం.

అలాంటి అత్తయ్యకే దగ్గు పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించేలోపు మూడుసార్లు ఆగేది. నేను బలవంతంగా ఛాతీ డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆవిడ లోపలికి వెళ్తూనే కిటికీ మూసింది. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి అడిగాడు:

“సిమెంటు ఫ్యాక్టరీలో ఎన్నేళ్లు చేశారమ్మా?”

“నేను బట్టలు కుడతాను బాబూ.”

“మరి ఇంత దుమ్ము లోపలికెలా పోయింది?”

అత్తయ్య నేల చూపులు చూసింది. గట్టిగా నిలదీస్తే అప్పుడు బయటపడింది. ఫ్యాక్టరీవాళ్లు ఖర్చు కలిసొస్తుందని దుమ్ము పట్టే ఫిల్టరును చెప్పాపెట్టకుండా ఆపేస్తారట. ఎప్పుడు ఆపుతారో తెలియాలంటే పొగగొట్టాన్ని కనిపెట్టుకుని ఉండాలి. అందుకని ఈవిడ రోజుకు పదిసార్లు మేడెక్కి నిలబడేది. పొగ రంగు మారగానే కిందికి పరిగెత్తుకొచ్చి, అరవై ఇళ్ల కిటికీలు మూసేది. మేమంతా లోపల, ఆవిడొక్కతే బయట.

“మీ వీధి పిల్లలు నా దగ్గరికి తక్కువ వస్తుంటే ఎందుకా అనుకున్నాను,” అన్నాడు డాక్టరు. “వెనక వీధి పిల్లలతో నాకు తీరికే ఉండదు.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “మాకు ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా?”

“కిటికీ మూయమంటే ఒక్కడూ వినడు. పొగ చూడాలంటే మాత్రం పిల్లాజెల్లాతో మేడెక్కి కూర్చుంటారు. నాకు మీ సంగతి తెలీదా!”

మర్నాడు మాస్టారే ముందు నడిచారు. ఆ ఎక్స్‌రే పట్టుకుని వీధి అంతా ఫ్యాక్టరీ మేనేజరు గదిలో నిలబడ్డాం. చుట్టూ అద్దాలు, చల్లగా ఏసీ.

“మా దుమ్ము మా గేటు దాటదండీ,” అన్నాడు మేనేజరు టీ కలుపుకుంటూ.

అత్తయ్య అద్దంలోంచి పొగగొట్టం వైపు చూసింది. పొగ రంగు మారుతోంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ‘అది మూసే ఉంది కదా, పాపం ఏం చేస్తుంది?’ అనుకున్నాం. ఆవిడ గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది!

నిమిషంలో టీ మీద మీగడ కట్టింది. మేనేజరు కనుబొమలు నెరిశాయి. ఆయన దగ్గుతూ, “ముయ్యండి! ముయ్యండమ్మా!” అని కేకలు పెట్టాడు.

“నేనూ ముప్ఫై ఏళ్లుగా అదే మొత్తుకుంటున్నా బాబూ,” అంది అత్తయ్య.

ఆ సాయంత్రం నుంచి ఫిల్టరు ఆడింది. అయినా నమ్మకం లేక మేం వంతులు వేసుకున్నాం. రోజుకొక ఇంటివాళ్లు మాస్కు కట్టుకుని మేడెక్కాలి, ఆపినట్టు కనబడితే ఈల వేయాలి. మొదటి వంతు మాస్టారు తీసుకున్నారు. లోపలికెళ్లిన పాత దుమ్ము ఇక బయటికి రాదని డాక్టరు చెప్పేశాడు. మందు పీలుస్తూ, బయట తిరగకుండా ఉంటే చాలన్నాడు. ఆ ‘తిరగకుండా’ అన్న మాట వినే అత్తయ్య మొహం మాడ్చుకుంది.

నెల తర్వాత ఒకరోజు ఈల మోగింది. అత్తయ్య మిషను ముందు నుంచి లేవబోయింది. నేను భుజం పట్టి కూర్చోబెట్టి, ఆవిడింటి కిటికీ నేనే మూశాను. వీధి పొడుగునా రెక్కలు టపటపా పడుతున్నాయి. ఆవిడ చెవులు రిక్కించి ఒక్కొక్కటే విన్నది.

“మాస్టారి వంటింటిది ఇంకా పళ్లేదు,” అంది.

కాసేపటికి అదీ పడింది. అప్పుడు మెల్లగా నవ్వి, సూదిలో దారం ఎక్కించుకుంది.