సంచిలో ఆళాకు

తుడియలూరు బస్సెక్కిన ఆ పొద్దు నాకు కమ్యూనిటీ కాలేజీలో లెక్కల పరీక్ష. అది పోతే కుట్టుపని సర్టిఫికెట్టు రాదు, మా ఆయన పోయాక నాకున్న దారి అదొక్కటే. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కదా అని, కాలు వంతు, అంటే నాలుగో వంతు కంటే ఎనిమిదో వంతే పెద్దదని రాసి రెండుసార్లు తప్పాను.

నా గొణుగుడు విని, బస్సంతా అరవ మాటల నడుమ, పక్కనామె తెలుగులోనే అడిగింది.

"ఏమక్కా, అంత బయం?"

"లెక్కలంటే వొణుకు అమ్మిణీ."

"నాకూ వొణుకే. నేను లెక్కల టీచర్ని. ఈపొద్దు బోర్డు మీద రాయకుండా వీటితో చెప్పబోతా ఉండా. పిల్లోళ్లు నగుతారేమో."

ఒడిలో సంచి తెరిచింది. పడి, కాలుపడి, ఆళాకు, అన్నీ మా ఇళ్లలో బియ్యం కొలిచేవే. అన్నింటికంటే చిన్నదైన ఆళాకు నా చేతిలో పెట్టింది.

"పడి నిండను ఇవి ఎన్ని పోస్తావు?"

"ఎనిమిది."

"కాలుపడితో?"

"నాలుగే" అంటూ ఆళాకును కాలుపడి పక్కన పెట్టి చూశాను: ఎనిమిది పోయాల్సి వచ్చేదే చిన్నది. ఆమె ఆళాకు తీసుకుని, తన స్టాపులో దిగిపోయింది.

పరీక్షలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది.

"ఏమ్మా, చెయ్యి ఊరికే ఆడిస్తా ఉండావు?" అన్నాడు సారు.

"బియ్యం కొలుస్తా ఉండా సారూ."

పాసయ్యాను. ఆమె క్లాసులో ఎవరైనా నవ్వారేమో అన్న దిగులు మాత్రం నాకింకా పోలేదు.